తెల్ల పంచె వెనక

ఉగాది నాడు ఆకులో వడ్డించిన ఒబ్బట్లకు నేను తీసే ఫొటోలు చూసి మా యలహంకలో సగం మందికి నోరూరేది. సగం మంది అన్నది కొంచెం ఎక్కువే. మా వీధిలో నాలుగిళ్ళు, మా బామ్మర్ది, అంతే. అతనైనా ఫొటో చూసి కాదు, వాసన పట్టి వచ్చేవాడు.

మా ఆవిడ పోయిన మూడోనాడు కూతురు నా దగ్గరికి వచ్చింది. పదకొండో రోజుకు పటం కట్టించాలి, అమ్మ ఫొటో ఒకటి వెతికి ఇవ్వమంది. ఒకటేం ఖర్మ, వందలున్నాయి, ఏరడానికే రెండు రోజులు పడుతుందన్నాను. కోతలు కోసేవాణ్ణే గానీ, ఆ ఒక్క మాట మాత్రం నమ్మే అన్నాను. ఇరవై ఏళ్ళుగా ఏ పండగొచ్చినా మెడలో కెమెరాతో తిరిగినవాణ్ణి మరి.

కంప్యూటర్ ముందు కూర్చున్నాక తెలిసింది. ఒబ్బట్లున్నాయి. చిత్రాన్నం ఉంది. వడలు ఎన్ని రకాలుగా పేర్చవచ్చో అన్ని రకాలుగానూ ఉన్నాయి. ఆవిడ లేదు.

లేదనడం కూడా సరికాదు. ఫ్లాష్ నేరుగా కొడితే నెయ్యి మీద తెల్లటి మచ్చ పడి, వేడి ఒబ్బట్టు కూడా నిన్నటిదిలా కనిపిస్తుంది. అందుకని ఉతికిన నా పంచె ఒకటి మడత విప్పి ఆకు పక్కన తెరలాగా పట్టుకోమని ఆవిడకు చెప్పేవాణ్ణి. ఫ్లాష్‌ను పంచె మీదికి తిప్పితే వెలుతురు మెత్తబడి ఆకు మీద పడుతుంది. ఇది నా సొంత ఉపాయమని ఊరంతా చెప్పుకున్నాను. నిజానికి చెప్పింది ఆవిడే. మిద్దె మీద ఆరేసిన పంచెల పక్కన తన చేతులు కూడా వెలుగుతున్నాయని గమనించిందట.

వచ్చినవాళ్ళు ఆకుల ముందు ఆకలితో కూర్చుని ఉండేవాళ్ళు. “దేవునికి పెట్టినాక మనుషులకి పెట్టాల. నడమ ఈ డబ్బాకేంది నైవేద్యం?” అని ఆవిడ సణిగేది. సణుగుతూనే పంచె పట్టుకునేది. అందుకే ప్రతి ఫొటోలో ఒక మూల తెల్ల పంచె, దాని అంచున పసుపంటిన నాలుగు వేళ్ళు. ముఖం పంచె వెనక.

కూతురి ఫోన్‌లో ఉన్నవి ఆసుపత్రి మంచం మీదివి. మా పెళ్ళి ఫొటోలో తల వంచుకుని ఉంది. చివరికి ఆధార్ కార్డు మీది ఫొటోనే పెద్దది చేయించాం. అందులో ఆవిడ ఎవరో కసురుకుంటే బిత్తరపోయినట్టు ఉంటుంది.

పదకొండో రోజు భోజనాల దగ్గర బామ్మర్ది ఆ పటాన్ని చాలాసేపు చూశాడు. “ఇంత కెమెరా పెట్టుకోని, మా అక్కకి ఈ ఫొటోనా బావా?” అన్నాడు.

మీ అక్కకు ఫొటో అంటే సిగ్గన్నాను. ఎన్నిసార్లు బతిమాలినా వంటింట్లోకి పారిపోయేదన్నాను. ఒకసారి తలుపు గడియ కూడా పెట్టుకుందని కలిపాను. పక్కన కూర్చున్న పెద్దావిడ, ఆ కాలపు ఆడవాళ్ళు అంతేనని మెచ్చుకుంది. ఇంకా ఏం కలిపేవాణ్ణో.

వడ్డిస్తున్న కూతురు గరిటె గిన్నెలో పెట్టేసింది. గొంతు పెంచలేదు.

“ఎందుకప్పా అట్ల చెప్తావు? పోయిన ఉగాదికి అమ్మ అడిగింది. నేను ఆడనే ఉండాను.”

పంక్తిలో అందరి చేతులూ ఆకుల మీదే ఆగిపోయాయి. కూతురు నావైపు చూడలేదు, చారు గిన్నె వైపు చూస్తోంది. ఎన్నో అబద్ధాలు నవ్వుతూ దాటేసినవాణ్ణి, ఆ పూట నాకు నవ్వు రాలేదు.

“అడిగింది,” అన్నాను బామ్మర్దితో. “కొత్త చీర కట్టుకోని ఉండాను, నాది గూడా ఒకటి తీయండి అనింది. ఒబ్బట్లు ఆరిపోతాయి, నువ్వు యాడికి పోతావులే, పంచె ఇంకొంచెం పైకెత్తు అన్నాను.”

“మా అక్క ఏమనింది?”

“ఏమీ అనలేదప్పా. ఎత్తింది.”