పేరు పెట్టి పిలిచిన మధ్యాహ్నం

మా ఆయన్ని నేను పేరు పెట్టి పిలవను. అందులో భక్తీ లేదు, భయమూ లేదు. రాజమండ్రిలో మా అమ్మ నాన్నని "ఏమండీ" అనేది, నా నోటికీ అదే అలవాటైంది. మేముండే దక్షిణ జర్మనీ ఊరు జిండెల్ఫింగెన్‌లో నా తెలుగు స్నేహితురాళ్ళంతా మొగుళ్ళని పేరుతోనే పిలుస్తారు, ఒకావిడైతే "ఒరేయ్" అంటుంది. "బ్లూ కార్డు వీసా మీద ఉద్యోగం చేస్తూ ఇదేం పాత చింతకాయ పచ్చడే?" అని నన్ను ఏడిపించని రోజు లేదు. ఒకసారి పిలిచి చూద్దామని నోరు తెరిస్తే నవ్వొచ్చేసింది. తిట్టేటప్పుడు కూడా "ఏమండీ, మీకు బుద్ధుందా?" అనే తిడతాను.

ఇక ఆయనకి చేపల పిచ్చి. విశాఖపట్నంలో సముద్రపు రాళ్ళమీద కూర్చుని గేలం వేస్తూ పెరిగిన మనిషి. జీగెన్‌లో ఎం.ఎస్. చేసిన రోజుల్లో సముద్రం కనబడక పిచ్చెక్కిపోయేదట. ఈ దేశంలో గేలం వేయాలన్నా పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకోవాలి. అన్నింటికీ బద్ధకించే మనిషి, ఆ పరీక్షకి మాత్రం చేపల జర్మన్ పేర్లన్నీ బట్టీ పట్టి పాసయ్యారు. ఆ లైసెన్సు చేతికొచ్చిన రోజు ఆయన సంబరం చూడాలి, మా పెళ్ళిలో కూడా అంత నవ్వలేదు.

ఏప్రిల్ నెలాఖరున వరసగా సెలవులొస్తే ఉత్తరాన బాల్టిక్ సముద్రానికి తీసుకుపోయారు. డోర్ష్ కోసం. కాడ్ చేపని ఇక్కడ అలా అంటారు, అప్పటికింకా దాన్ని పట్టనిచ్చేవారు. దేశం ఈ కొస నుంచి ఆ కొసకి, ఒక చేప కోసం కారు తోలుకుంటూ వెళ్ళాం. దారి పొడుగునా నేను సణుగుతూనే ఉన్నాను.

ఆ ఒడ్డు చూడగానే నాకు నచ్చలేదు. ఇసుక లేదు, అంతా రాళ్ళే. వెనకాల నిలువుగా మట్టి చరియ. ఆ చరియే కొంతదూరం పోయి సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చింది. నీళ్ళలో గేదెలంత రాళ్ళు, వాటిమీద గోధుమరంగు నాచు. అన్నిటికంటే నాకు గుబులు పుట్టించింది ఆ నిశ్శబ్దం. మన సముద్రం ఎప్పుడూ ఏదో గోల చేస్తూ ఉంటుంది. ఇది ఉలకదు, పలకదు.

"ఇలాంటి చోటే డోర్ష్ ఉంటాది. రాళ్ళ సందుల్లో పీతల్ని తింటాది," అన్నారాయన, చంకల దాకా వచ్చే రబ్బరు ప్యాంటు తొడుక్కుంటూ. సీసం గుండుని సన్నటి దారంతో విడిగా కట్టుకున్నారు. రాళ్ళలో ఇరుక్కుంటే ఆ దారం ఒక్కటే తెగుతుంది, చేప మాత్రం పోదు. ఫోన్ నా సంచీలో పడేశారు, అంతకుముందు ఒకటి నీళ్ళపాలు చేసిన ఘనత ఉంది కదా.

"చూడు, అదిగో ఆ నల్లరాయి దాకానే వెళ్తాను. అది దాటితే రాళ్ళు అయిపోయి ఒక్కసారే లోతు. ఈ ప్యాంటులోకి నీళ్ళు నిండాయంటే ఇంక లేవలేను."

"అంత శుభం పలకకపోతే వెళ్ళలేరా?" అన్నాను.

నవ్వుకుంటూ వెళ్ళి, నడుంలోతు నీళ్ళలో ఆ నల్లరాయి పక్కన నిలబడ్డారు. నేను ఒడ్డున దుప్పటి పరుచుకుని పులిహోర డబ్బా తెరిచాను. మధ్యాహ్నమే, కానీ ఎండ లేదు. ఆయన ఒక చేపని లాగడం, పైకెత్తి నాకు చూపించడం చూశాను. నేను చెయ్యి ఊపాను. డబ్బా మూత పెట్టి తల ఎత్తేసరికి ఆయన లేరు.

సముద్రమే లేదు. తెల్లటి పొగమంచు చప్పుడు లేకుండా వచ్చేసింది. నా కాళ్ళ దగ్గర రాళ్ళు నాలుగు కనిపిస్తున్నాయి, అంతే.

"ఏమండీ! వచ్చేయండి!"

"ఆఁ, వస్తున్నా," అని వినిపించింది. సరే వస్తున్నారు కదా అనుకున్నాను. రాలేదు. మళ్ళీ పిలిచాను. ఈసారి జవాబు లేదు. భయంతో ఫోన్ చేశాను. నా పక్కనే సంచీలో మోగింది.

ఒడ్డు వెంబడి కుక్కతో నడుస్తున్న ఒక పెద్దావిడ నా కేకలు విని ఆగింది. నాకొచ్చిన అరకొర జర్మన్‌లో మా ఆయన నీళ్ళలో ఉన్నారని చెప్పాను. ఆవిడ వెంటనే ఫోన్ తీసి సాయానికి కబురు చేసింది. తర్వాత, "నువ్వు పిలుస్తున్నావే, అదేనా అతని పేరు?" అని అడిగింది. కాదన్నాను. ఆవిడ నన్ను వింతగా చూసి, "అయితే పేరు పెట్టి పిలువమ్మా. మనిషి ఎంత కంగారులో ఉన్నా తన పేరు వింటే పలుకుతాడు," అంది.

నిజమే అనిపించింది. ప్రాణం మీదికొస్తే ఇంకా ఏం సిగ్గు? రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, పెళ్ళయ్యాక మొట్టమొదటిసారి ఆయన్ని పేరు పెట్టి పిలిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆ పేరు ఆ ముక్కులాంటి చరియకి తగిలి కాబోలు, సముద్రం వైపు నుంచి తిరిగొచ్చింది.

వెంటనే జవాబు వచ్చింది. "వస్తున్నానమ్మా!"

హమ్మయ్య అనుకున్నాను. విసుక్కున్నప్పుడు నన్ను అలా "అమ్మా, తల్లీ" అనడం ఆయనకి మామూలే. ఆనందం పట్టలేక మళ్ళీ పిలిచాను, ఇంకా గట్టిగా. "వస్తున్నా, వస్తున్నా!" నీళ్ళలో అడుగుల చప్పుడు స్పష్టంగా వినబడింది. కానీ ఆ చప్పుడు దగ్గరవడం లేదు. దూరమవుతోంది.

ఇంకోసారి పిలిచాను. అడుగులు ఇంకా వేగంగా దూరమయ్యాయి. నా పక్కన కుక్క మూలిగి వెనక్కి జరిగింది. అప్పుడు అర్థమైంది. నేను పిలిచినకొద్దీ ఆయన లోపలికి పోతున్నారు.

ఏడుపొచ్చేసి, కోపమూ వచ్చేసి, నాకు అలవాటైన నోటితోనే అరిచాను. "ఏమండీ! ఎటు పోతున్నారండీ? మీకసలు బుద్ధుందా? నేనిక్కడుంటే అటెక్కడికి?"

అడుగులు ఆగిపోయాయి.

"నువ్వెక్కడున్నావు?"

"ఎక్కడుంటాను, ఒడ్డున ఏడుస్తున్నాను!"

అంతదూరం నుంచి కూడా తెలిసేంత వణుకుతో అడిగారు. "మరి ఇటు పిలుస్తున్నది ఎవరు?"

"ఎవరూ లేరు! కదలకండి! ముందు ఇటు తిరగండి!"

"నువ్వు మాట్లాడుతూనే ఉండు. ఆపకు."

నన్ను మాట్లాడమని ఆయన బతిమాలడం ఏనాడూ లేదు. మాట్లాడాను. దారిపొడుగునా సణిగినవన్నీ మళ్ళీ సణిగాను. పులిహోర చల్లారిపోయిందన్నాను. మా అత్తవారి తరఫు వాళ్ళందరికీ ఈ నీళ్ళ పిచ్చేనా అన్నాను, మా ఆడపడుచు నాకు పెట్టిన చీర రంగు వెలిసిందన్నాను, ఇంటికెళ్ళాక గేలాలన్నీ విరిచి పొయ్యిలో పెడతానన్నాను. గొంతు బొంగురుపోయినా ఆపలేదు. పాపం ఆ పెద్దావిడకి ఒక్క ముక్కా అర్థం కాకపోయినా, నా భుజం పట్టుకుని అలాగే నిలబడింది.

చాలాసేపటికి తెల్లదనంలో ఒక మరక కనబడింది. అది మనిషైంది, మా ఆయనైంది. చేతిలో గేలం లేదు. ఛాతీ మీది దాకా తడి ఉంది, ప్యాంటు అంచు మాత్రం పొడిగానే ఉంది. ఇంకొక్క అడుగు వేసి ఉంటే అంతే. పరిగెత్తుకెళ్ళి వాటేసుకుని, వీపు మీద దబదబా బాదాను. ఆ పెద్దావిడ ఫోన్ చేసి మనిషి దొరికాడని చెప్పి, మా ఇద్దరి చేతులూ ఒకసారి నొక్కి, కుక్కని తీసుకుని వెళ్ళిపోయింది.

ఆయన ఒక రాయి మీద కూలబడ్డారు. ఫ్లాస్కులోంచి నేను పోసి ఇచ్చిన టీ తాగలేదు.

"అమ్మ పిలిచింది," అన్నారు.

మా అత్తగారు ఆయన ఇంజనీరింగ్ చదివేటప్పుడే పోయారు. నేనావిడ్ని చూడనే లేదు. ఫొటోలో తప్ప తెలియదు, గొంతెలా ఉంటుందో అసలే తెలియదు.

"నేనండీ పిలిచింది," అన్నాను. "పేరు పెట్టి నేనే పిలిచాను."

"నువ్వా? నువ్వెప్పుడు పిలిచావు నన్ను పేరు పెట్టి?" అని నావైపు అయోమయంగా చూశారు. "చిన్నప్పుడు రాళ్ళ మీంచి ఎంతకీ రాకపోతే అమ్మ గట్టు మీదికొచ్చి పిలిచేది. ఊరంతా వినబడేలాగ. అలా నన్నింకెవరు పిలుస్తారు? నువ్వు తిట్టకపోతే, ఈత వచ్చినా రాకపోయినా లోపలికి వెళ్ళిపోదును."

ఏడుస్తున్నారని అప్పటిదాకా నేను గమనించలేదు. మంచుకి ముఖమంతా తడే కదా. చెంగుతో తుడిచాను. నాకు జాలేసింది. దానికంటే ఎక్కువ భయమేసింది, అది దాచుకోవడం ఎందుకు?

"ఇందాకటిలా ఒక్కసారి పిలువు," అన్నారు.

"ఇప్పుడొద్దండీ. కారెక్కండి ముందు."

"ఒక్కసారే. నువ్వే అని తెలిస్తే నాకూ కుదురుగా ఉంటాది."

సరే, అనుమానం తీరిపోతే మంచిదే కదా అనుకున్నాను. లేచి, ఆయన పక్కనే, భుజానికి భుజం తగిలేటంత దగ్గరగా నిలబడి, పేరు పెట్టి పిలిచాను.

ఆయన నావైపు తిరగలేదు. సముద్రం వైపు తిరిగి, లేచి నిలబడ్డారు.

నేను ఆయన నడుం బెల్టు రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను.