గొడ్డలి వైనెల్ సన్న గాలాలు

శుక్రవారం మధ్యాహ్నం ఇమోజిన్ గారి తలకు మూడో రోలరు చుడుతుండగా వైనెల్ స్ట్రౌడ్ కుడిచెయ్యి గాలిలోనే ఆగిపోయింది. చెవి దాకా లేచి, ఆపైన లేవనంది. వైనెల్ ఎడమచేత్తో కుడి మోచేతిని పట్టుకుని, బట్టల కొట్లో బొమ్మ చెయ్యి సర్దినట్టు, మెల్లిగా కిందికి దించుకుంది.

"సగం తలతో నన్ను చర్చికి పంపుతావా ఏంటమ్మాయ్?" అంది ఇమోజిన్ గారు అద్దంలోంచి చూస్తూ.

"ఎడమచెయ్యి బానే ఉంది కదండీ. ఆదివారం దాకా టైముంది."

"నా నాలుగు వెంట్రుకలకి ఎడమచెయ్యి చాల్లే. రేపు చేపకి చాలుద్దా?"

వైనెల్ నాలుగో రోలరు అందుకుంది. ఊళ్లో ఆ వారమంతా అందరూ అడుగుతున్నది అదే ప్రశ్న.

ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. ఇంటి పక్క కారు షెడ్డులో పార్లరు నడుపుతుంది. పాతికేళ్లకు పైగా డ్రయ్యరు ఎత్తి పట్టుకున్న భుజం పోయిన ఏడాది బిగుసుకుపోయింది. డాక్టరు రెండుసార్లు సూది పొడిచి, చెయ్యి విసరొద్దని చెప్పాడు. జుట్టు కత్తిరించడానికి చెయ్యి విసరక్కర్లేదు. ఆమె బెంగ పార్లరు గురించి కాదు. రేబర్న్ రిజర్వాయరు మీద తిరిగే ఆకుపచ్చ పడవ గురించి.

ఆ పడవ ఆమె సొంతంగా కొనుక్కున్నది. బాస్ చేపలు పట్టే ఊరి క్లబ్బులో సొంత పడవున్న ఆడమనిషి ఆమె ఒక్కతే. క్లబ్బు పద్ధతి ప్రకారం పోటీ రోజున పడవ గలవాళ్లు ముందు నిలబడతారు, ఎటు పోవాలో వాళ్లే చెబుతారు. పడవ లేనివాళ్లు వెనక నిలబడి, ముందువాళ్లు గాలం వేయగా మిగిలిన నీళ్లలో వేసుకుంటారు. చీటీల్లో ఎవరికి ఎవరు వస్తే వాళ్లతోనే సాయంత్రం దాకా గడపాలి.

క్లబ్బువాళ్లు ఆమెను "గొడ్డలి" అని పిలిచేవాళ్లు. ఆ నీళ్ల నిండా నాచు, మునిగిన చెట్లు. అందుకని ప్లాస్టిక్ వానపామును గాలానికి గుచ్చి, మొన బయటపడకుండా మళ్లీ దాని ఒంట్లోకే దాస్తారు. చేప ఎర పట్టగానే ఆ మొన ముందు ప్లాస్టిక్కును చీల్చుకుని రావాలి, తర్వాత చేప దవడలో దిగాలి. దానికి ఒక గుంజు గుంజాలి. గాలం లావుగా ఉండాలి, గుంజు వెన్ను విరిగేటట్టు ఉండాలి అన్నది ఆ చుట్టుపక్కల మగవాళ్ల సిద్ధాంతం. వైనెల్ గుంజితే గాలం కర్ర భుజం మీదుగా వీపు వెనక్కి వెళ్లేది. ఒకసారి అరచెయ్యంత చేప నీళ్లలోంచి లేచి, పడవ దాటి, అవతలి పక్క పడింది. ఆ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ వేసవిలో ఆ గుంజు పోయింది. ఆగస్టు పోటీలో అయిదు చేపలు ఎర పట్టాయి, అయిదూ వదిలేశాయి. ఆ సాయంత్రం అందరూ కాల్చిన మాంసం తింటుండగా తమ్ముడు డోయిల్ నోరు జారాడు. డోయిల్ కలప లారీ తోలుతాడు. వాడి పడవ ఇంజను కాలిపోయి ఏడాదైంది.

"ఇంక ముందు సీటు నీవల్ల కాదక్కా. పడవ నాకమ్మెయ్. వెనక కూచో, నేను తిప్పుతా," అన్నాడు.

"ఆఖరి పోటీలో ఒక్క చేపనైనా కాటా ఎక్కించలేకపోతే పడవ నీదేరా. రేటు కూడా నువ్వే చెప్పు," అంది వైనెల్.

క్లబ్బంతా విన్నది. అన్నమాట వెనక్కి తీసుకునే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. ఆ ఆఖరి పోటీ రేపే.

ఇమోజిన్ గారిని పంపించి, పార్లరు మూసి, వైనెల్ ఆర్లిస్ కొట్టుకు వెళ్లింది. ఆర్లిస్ ఎరలు, గాలాలు, ఉడకబెట్టిన పల్లీలు అమ్ముతాడు. ఆమె అడక్కముందే ఎప్పుడూ కొనే లావు గాలాల పొట్లం బల్ల మీద పెట్టాడు.

"ఇవి కాదు. సన్నవి చూపించు," అంది.

"సన్నవా? ఎవరికి?"

"నాకే."

ఆర్లిస్ కళ్లజోడు నుదుటి మీదకు తోసుకున్నాడు. "అవి చెవులకి పెట్టుకోడానికి బాగుంటాయి వైనెల్. నీ గుంజుకి నిలవ్వు."

"నా గుంజు ఎక్కడుంది? ఉంటే చూపించు, దణ్ణం పెట్టి తెచ్చుకుంటా."

ఆమె బల్ల కింద నుంచి అతని పాత తోలు గ్లవ్వు లాగి, నీళ్లలో ముంచి పరిచింది. లావు గాలానికి ఎర గుచ్చి, మొన దాచి, గ్లవ్వు వేళ్ల మధ్య పెట్టి ఎడమచేత్తో దారం లాగింది. గ్లవ్వు బల్ల మీద జారుకుంటూ వచ్చి పల్లీల గిన్నెకు కొట్టుకుంది. మొన ఎరలోంచి బయటికే రాలేదు. ఈసారి సన్న గాలం కట్టి, మొనను ఎర చర్మం కింద పైపైన మాత్రమే దాచి, అంతే నిదానంగా లాగింది. చిన్న చప్పుడుతో మొన తోలులో దిగి కూర్చుంది.

"అది మా ఆవిడ కొనిచ్చిన గ్లవ్వు," అన్నాడు ఆర్లిస్.

"ఇంకోటి కొనిమ్మను. చూశావా? జడపిన్ను బలంతో దిగదు, సన్నం కాబట్టి దిగుద్ది."

ఆర్లిస్ కాసేపు గ్లవ్వు వంక చూశాడు. తర్వాత ఆమె చేతిలోని ఎరల పొట్లం లాక్కుని పక్కన పడేశాడు. "అయితే ఇవి పనికిరావు. నీ ఎర నా బొటనవేలంత లావుంది. చేప నొక్కగానే ఈ లావంతా ఇంత చిన్న గాలం వంపులో ఉండచుట్టుకుని అడ్డం పడుద్ది, మొనకి దారుండదు. గాలం సన్నదైతే ఎరా సన్నదే ఉండాలి. దారం కూడా మార్చు, నువ్వు వాడేది పడవలు కట్టే తాడు." చెప్పి, సన్నటి నల్ల ఎరల పొట్లం తీశాడు. "ఇంకోమాట. అలవాటు కొద్దీ గుంజావో, ఇది సాగి సూదైపోద్ది."

"గుంజను."

"నలభయ్యేళ్లు గుంజినదానివి."

"గుంజనన్నా కదా," అంది వైనెల్, కోపంగానే.

శనివారం తెల్లవారేసరికి రేవు దగ్గర క్లబ్బువాళ్లు సాసేజ్ బన్నులు తింటూ కాఫీ తాగుతున్నారు. చీటీలు ఎప్పటిలాగే ఎర చేపల బకెట్లోంచి తీశారు. వైనెల్ చీటీ విప్పి చూసి, చదవకుండా పక్కవాడికిచ్చింది. వాడు బిగ్గరగా చదివాడు. "డోయిల్ కేగల్."

రేవంతా నవ్వింది. "పడవ కొనేముందు తోలి చూసుకోవాలిగా డోయిల్!" అన్నాడొకడు.

డోయిల్ నవ్వలేదు. సామాను వెనక సీటు దగ్గర పెట్టుకుని, "చీటీ నేను మార్చలేదక్కా," అన్నాడు.

"నీకంత తెలివుంటే ఇంజను కాల్చుకునేవాడివి కాదు. ఎక్కు."

పొద్దెక్కేలోపు డోయిల్ రెండు చేపలు పట్టి పడవలోని నీళ్ల తొట్టిలో వేశాడు. రెండుసార్లూ వాడు గుంజిన గుంజుకు పడవ ఊగింది. వైనెల్ ముందు నిలబడి, కాలితో చిన్న మోటారు తిప్పుకుంటూ, నాచు అంచు వెంబడి సన్న ఎర వేస్తూ పోయింది. పది దాటాక దారం మీద టక్కుమని తగిలింది. దారం పక్కకు నడిచింది.

ఆమె గుంజింది.

అనుకుని చేసింది కాదు. చెయ్యి తనంతట తాను లేచింది, చెవి దాకా వచ్చి ఆగింది, భుజంలోంచి మంట వేళ్ల దాకా పాకింది. దారం తేలికైపోయింది. దారం చుట్టే రీలు తిప్పి చూస్తే గాలం వంపు విప్పుకుని నిటారుగా వేలాడుతోంది. ఆర్లిస్ సూది అన్నాడు. సూదే.

డోయిల్ నవ్వుతాడనుకుంది. వాడు తన పెట్టెలోంచి లావు గాలం ఒకటి తీసి చాచాడు. "ఇది కట్టుకోక్కా. అదెందుకు, నిన్ను నగుబాటు చెయ్యడానికి తప్ప."

"దీంతో గుంజాలి. గుంజే చెయ్యి నాకు లేదు. ఇప్పుడే చూశావుగా."

"మరి సన్నదానికి గుంజకూడదు, నువ్వేమో గుంజకుండా ఉండలేవు. ఇంకేం చేస్తావు?"

వైనెల్ భుజం నిమురుకుంది. నిలబడ్డంతసేపూ ఒళ్లే కర్రను గుంజుతుంది, అది తెలుస్తూనే ఉంది. నిలబడితే కాళ్లు బిగుస్తాయి, నడుం వెనక్కి పడుతుంది, చెయ్యి లేస్తుంది. ఆమె ముందు సీటు పొడుగు గొట్టం తీసేసి, సీటును కిందికి దించి, ఎత్తు తక్కువ మోడా మీద కూర్చున్నట్టు కూలబడింది. కుడి మోచేతిని పక్కటెముకలకు ఆనించుకుంది.

ఆ నీళ్ల మీద కూర్చుని బాస్ పట్టేవాళ్లను ముసలాళ్లంటారు. అవతల పోతున్న పడవలోంచి ఒకడు అరిచాడు. "గొడ్డలి కూచుందేంట్రా! దుప్పటి తెచ్చివ్వమంటావా?"

"దుప్పటొద్దు, టీ పంపించు. చక్కెర దండిగా వెయ్యి," అంది వైనెల్.

డోయిల్ తల పక్కకు తిప్పుకుని టోపీ సర్దుకున్నాడు. అక్క కూర్చోవడం వాడెప్పుడూ చూడలేదు. అలాగే మధ్యాహ్నం దాటింది. వాడికి మూడో చేప పడింది, నాలుగోది పడింది. ఆమె ఎర కొసను ఏదో రెండుసార్లు కొరికి పోయింది. రేవుకు తిరిగి రావలసిన వేళ దగ్గరపడింది.

మునిగిన కంచె పక్కన మళ్లీ దారం నడిచింది. వైనెల్ చెయ్యి లేవబోయింది, మోచెయ్యి ఎముకకు అదుముకుని ఉండడంతో లేవలేకపోయింది. ఆమె రీలు తిప్పింది. వదులంతా చుట్టుకుపోయి, దారం బిగిసి, కర్ర కొస వంగేదాకా తిప్పి, అప్పుడు నడుం మాత్రం ఎడమవైపుకు తిప్పింది, సీటు తిరిగినంత మేర. అవతల బరువు కదిలింది. నాచులోకి దూరబోయి, తల విదిలించి, నీళ్లను చీల్చుకుని పైకి లేచింది. నిండు చేప. దాని దవడ పక్కన సన్న గాలం మెరిసింది.

"వల," అంది వైనెల్. దాన్ని పైకెత్తే బలం తనకు లేదని ఇద్దరికీ తెలుసు.

డోయిల్ చేతివల పట్టుకుని నిలబడ్డాడు. వల ఒక జానెడు అటో ఇటో పడితే చేప పోతుంది, పడవ వాడిది. వాడు చేపను చూశాడు, అక్కను చూశాడు. చేప రెండోసారి పడవ పక్కకు వచ్చింది.

"ఏరా, ఫొటో తీస్తున్నావా?"

"నోరుముయ్యి అక్కా, తల ఇటు తిప్పు. ఇంకా. ఇంకొంచెం." వాడు మోకాళ్ల మీద కూలబడి, మోచేతి దాకా నీళ్లలో ముంచి, చేపను వలతో ఎత్తి పడవలో పడేశాడు. చొక్కా తడిసి ముద్దయింది. 

"నేను వలేసింది చేపకోసం. నీకోసం కాదు," అన్నాడు చొక్కా పిండుకుంటూ.

"తెలుసులేరా. తొట్టి మూత తియ్యి, ఊపిరాడక చస్తుంది."

రేవు దగ్గర డోయిల్ తన నాలుగు చేపలతో మూడో స్థానంలో నిలిచాడు. వైనెల్ ఒక్క చేప పధ్నాలుగు మందిలో పదకొండో స్థానానికి సరిపోయింది. కాటా చూసేవాడు బరువు చదివాక జనం చప్పట్లు కొట్టారు, పదకొండో స్థానానికి ఎవరూ కొట్టనంతగా. తర్వాత ఆమే చేపను నీళ్లలోకి దించి వదిలింది.

మంగళవారం పార్లరు మూసి, వైనెల్ డోయిల్ లారీలో లఫ్కిన్ అనే ఊరికి వెళ్లింది. అక్కడ ఒకాయన పాత పడవ అమ్ముతున్నాడు. ఇంజను మంచిదో కాదో విని చెప్పడానికి డోయిల్‌కి మనిషి కావాలి. ఆమె పది నిమిషాలు విని, ఇంజను కట్టేయమని, ఆ పడవ వద్దంది. వచ్చే మంగళవారం నాకొగ్డోచెస్ అనే ఊళ్లో ఇద్దరూ ఇంకొకటి చూడాలి.