ఎడమ చేతికి మూడు చుట్లు

నేను పదిహేనేళ్ళుగా గుంటూరులో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా పని చేస్తున్నాను. మా గదికీ మార్చురీకీ మధ్య ఒక్క గోడే అడ్డం. కొత్తగా చేరిన నర్సులు అటువైపు రావడానికి జంకుతుంటే, దయ్యమంటూ ఉంటే ముందు నాకు కనపడాలి కదా, నాకు మొహం చాటేసి మీకెందుకు కనపడుతుంది అని ఆటపట్టించేదాన్ని. ఎముక విరిగితే ఫిల్ములో కనపడుతుంది, విరక్కపోతే కనపడదు. నా నమ్మకాలు అంతవరకే.

ఇప్పుడు రాయబోయేది చదివి మీరు నవ్వినా నేనేమీ అనుకోను. ఇంకొకరు రాసి ఉంటే నేనూ నవ్వేదాన్నే.

మా అమ్మాయి సాహితి ఇంటర్ చదువుతోంది. పోయిన చలికాలం దానికి వేక్‌బోర్డింగ్ పిచ్చి పట్టుకుంది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. రెండు కాళ్ళూ ఒక పలకకి బిగించుకుని నీళ్ళలో వెల్లకిలా తేలుతూ ఉంటే, ముందున్న మోటారు బోటు తాడుతో లాగుతుంది. ఆ ఊపులో లేచి నిలబడి నీళ్ళ మీద జారుతూ పోవాలి. అమరావతి దాటాక కృష్ణ ఒడ్డున రఫీ అనే ఆయన ఒక బోటు పెట్టుకుని ఇది నేర్పుతున్నాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. తాతల కాలం నుంచీ ఆ రేవులో పడవ నడిపిన కుటుంబం. గోవాలో కొన్నేళ్ళు పని చేసి ఈ విద్య పట్టుకొచ్చాడు.

నేను ససేమిరా అన్నాను. నేను పుట్టింది ఆ ఒడ్డునే, రఫీ వాళ్ళ రేవుకి రెండు ఊళ్ళ అవతల. అయినా పన్నెండేళ్ళ వయసు నుంచి నలభై వచ్చేదాకా ఆ ఏట్లో కాలు పెట్టలేదు. పుష్కరాలకి చుట్టాలంతా మునుగుతుంటే నేను గట్టు మీద చెప్పులకి కాపలా కూర్చున్నాను.

సాహితి రెండు నెలలు పోరింది. నాకు చెప్పకుండా వెళ్ళేటట్టుందని అర్థమయ్యాక ఒక షరతు పెట్టాను. ముందు నేను నేర్చుకుంటాను, ఆ నీళ్ళేమిటో ఆ తాడేమిటో చూసుకుంటాను, ఆ తర్వాతే నువ్వు అన్నాను. అది పడీ పడీ నవ్వింది.

మొదటి ఆదివారం రఫీ ఒడ్డునే గంటసేపు నేర్పించాడు. మోకాళ్ళు గుండెల దగ్గరికి ముడుచుకోవాలి. చేతులు చాచే ఉంచాలి, తాడుని మనవైపు లాక్కోకూడదు. లేవాలని తొందరపడకూడదు, బోటే లేపుతుంది. పడిపోతే వెంటనే తాడు చివరున్న హ్యాండిల్ వదిలెయ్యాలి. అన్నీ బుద్ధిగా విన్నాను. నీళ్ళలోకి దిగాక ఐదుసార్లు పడ్డాను. ఐదుసార్లూ హ్యాండిల్ వదలకుండా బోటు వెనకాల ఈడ్చుకుపోయాను. ముక్కులోంచీ చెవుల్లోంచీ కృష్ణంతా పోయినట్టయింది.

రఫీకి విసుగొచ్చింది. "అక్కా, పడ్డాక ఇంక తాడుతో మీకేం పని? వదిలెయ్యండి," అన్నాడు.

వదలడం నా చేతికి రాదు. మా ఊళ్ళో ఏటి గట్టు పొడుగునా మిరప తోటలే. గేదెల్ని నీళ్ళకి తోలుకెళ్ళే పని పిల్లలది. గేదె తప్పించుకుని ఎవరి తోటలో పడినా కాపు మీదున్న చెట్లు తొక్కేస్తుంది. ఆ సాయంత్రం రెండిళ్ళ మధ్యా రచ్చ, గేదె బందెలదొడ్డికి, పిల్లల వీపులు విమానం మోత. అందుకని పలుపుతాడుని ఎడమ చేతి మణికట్టుకి మూడు చుట్లు చుట్టుకుని, మిగిలిన కొసని బొటనవేలి పక్క నుంచి లోపలికి దోపుకునేవాళ్ళం. ఏమైనా సరే తాడు వదలకూడదు. మాకు అక్షరాల కంటే ముందు నేర్పింది అదే.

ఇక్కడ ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి రాయాలి. నాకు శీను అని ఒక తమ్ముడు ఉండేవాడు. తొమ్మిదేళ్ళు. ఆ రోజు గేదెని తోలుకెళ్ళే వంతు నాది. వాడు ఊరికే నా వెంట వచ్చాడు. దారిలో రేగుపళ్ళు కనపడ్డాయి. ఏరుకోవడానికి నాకు రెండు చేతులూ కావాలి. తాడు పట్టుకోరా అంటే వాడు వద్దన్నాడు. గేదంటే వాడికి భయం. నేను వాడికి ఎదురుగా నిలబడి, వాడి ఎడమ చెయ్యి పట్టుకుని, తాడు మూడు చుట్లు చుట్టి కొస దోపేశాను. నొప్పిగా ఉందక్కా అన్నాడు. వినిపించుకోలేదు.

నేను చెట్టు దగ్గరికి వెళ్ళేలోపు గట్టు మీద ఎవరో డీజిల్ ఇంజన్ స్టార్ట్ చేశారు. గేదె బెదిరి ఏట్లోకి దూకింది. వాడు చెయ్యి విడిపించుకోలేకపోయాడు. గేదె మాత్రం అవతల ఒడ్డుకి క్షేమంగా చేరింది.

అందరూ అడిగితే, వాడే పేచీ పెట్టి తాడు లాక్కున్నాడని, వాడే చేతికి చుట్టుకున్నాడని చెప్పాను. పాపం చిన్నపిల్లాడు, తెలియక చుట్టుకున్నాడు అని ఊరంతా అనుకుంది. అమ్మ ఏమీ అనలేదు. నాన్న పోయాక అమ్మ గుంటూరులో మా దగ్గరే ఉంటోంది. రోజూ ఆవిడ చేతి కాఫీ తాగుతూ ఈ రోజు చెప్పేద్దామనుకునేదాన్ని. చెబితే ఇక నన్ను కూతురిగా చూడగలదా అని భయం. ఆ భయంతోనే ఇన్నేళ్ళూ గడిచిపోయాయి.

మూడో ఆదివారం ఉదయం పదిన్నరకి నేను బోర్డు మీద నిలబడ్డాను. మంచు విడిపోయింది, ఎండ బాగా ఉంది, ఏరు నిండుగా నిలకడగా ఉంది. సాహితి బోటు వెనక సీట్లో నావైపు తిరిగి కూర్చుని ఫోన్‌లో వీడియో తీస్తోంది. రఫీ చెప్పినట్టే చేతులు చాచి ఉంచాను, బోటు నన్ను లేపింది. కాళ్ళ కింద నీళ్ళు గట్టి నేలలా అయ్యాయి. గట్టు మీద మిరప తోటలు, పత్తి చేలు వెనక్కి పోతున్నాయి. నాకు పట్టలేనంత సంతోషం వేసింది. నోరంతా తెరిచి నవ్వాను. ఆ ఏటి మీద నేను నవ్వుతున్నానని గుర్తొచ్చేసరికి చూపు కాళ్ళ కింది నీళ్ళలోకి పోయింది. బోర్డు అంచు నీళ్ళలో దిగబడింది, పడ్డాను.

ఈసారి హ్యాండిల్ వదిలాను. ఇది నా జ్ఞాపకం మాత్రమే కాదు. వీడియోలో నా రెండు చేతులూ ఖాళీగా గాల్లో కనపడతాయి. హ్యాండిల్ నీళ్ళ మీద ఎగిరెగిరి పడుతూ బోటు వెనకాల దూరంగా పోవడం కూడా కనపడుతుంది.

నేను నీళ్ళ కిందికి వెళ్ళాను. లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి మునిగేది లేదు, భయపడలేదు. అప్పుడు ఎవరో నా ఎడమ మణికట్టు పట్టుకున్నారు. నాచు కాదు, చేప కాదు. వేళ్ళు. చిన్న వేళ్ళు. లాగలేదు, తొయ్యలేదు. చెయ్యి కదలకుండా పట్టుకుని తాడు చుట్టడం మొదలుపెట్టారు. ఒక చుట్టు, రెండు, మూడు. తర్వాత హ్యాండిల్ ముడి దగ్గర వేలాడే కొస బొటనవేలి పక్క నుంచి లోపలికి వెళ్ళింది. ఆ పని ఎలా చేస్తారో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

పైకి తేలేసరికి తాడు బిగుసుకుంది. తాడు చుట్టుకున్న ఆ చెయ్యి పట్టే బోటు నన్ను ఈడ్చుకుపోయింది. సాహితి అరవడంతో రఫీ ఇంజన్ ఆపి నీళ్ళలోకి దూకాడు. తిట్లు తిడుతూనే నా చెయ్యి పట్టుకున్నాడు, తాడు చేతికి చుట్టుకుంటే చెయ్యి తెగిపోతుందని మొదటిరోజే చెప్పానా లేదా అని. మొదటి చుట్టు విప్పి ఆగిపోయాడు. నా చేతిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది మీరు చుట్టుకుంది కాదక్కా," అన్నాడు నెమ్మదిగా. "ఎవరో ఎదురుగా ఉండి చుట్టారు."

పడవలవాళ్ళకి తాళ్ళ సంగతి తెలుసు. మన చేతికి మనం చుట్టుకుంటే తాడు ఒకవైపు తిరుగుతుంది, ఎదుటివాళ్ళు చుడితే ఇంకోవైపు. ఒడ్డుకి వచ్చాక రఫీ ఆ తాడుని చుట్టి బోటులో ఒక మూలకి విసిరేశాడు. సాహితి వంతు గురించి అదీ ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు.

మర్నాడు డ్యూటీలో నా మణికట్టుకి నేనే ఎక్స్‌రే తీసుకున్నాను. ఎముకకి ఏమీ కాలేదు. చర్మం మీద మూడు ఎర్రటి గీతలు, బొటనవేలి మొదట్లో కొస దోపిన చోట నల్లగా కమిలిన మచ్చ. వీడియోని ఎన్నిసార్లు ఆపి ఆపి చూశానో లెక్కలేదు. హ్యాండిల్ దూరంగా పోతుంది. నేను పడ్డచోట నీళ్ళు చిమ్మి నాలుగైదు సెకన్లు ఏమీ కనపడదు. తర్వాత తాడు నా చేతికి ఉంటుంది. బిగువుగా ఉన్న తాడు వదిలేస్తే ఒక్కోసారి వెనక్కి విసురుగా వస్తుందని రఫీని అడిగితే చెప్పాడు. అలా వచ్చి ఒక చుట్టు పడిందంటే నేను ఒప్పుకుంటాను. మూడు చుట్లు పడి, కొస లోపలికి దోపుకోవడానికి ఏ లెక్కా కుదరలేదు.

నాలుగు రోజులు పొడుగు చేతుల జాకెట్టుతో నెట్టుకొచ్చాను. ఐదో రోజు మధ్యాహ్నం గిన్నెలు కడగడానికి జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుంటే, పక్కన కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న అమ్మ చూసింది. నా చెయ్యి తీసుకుని ఆ గీతల మీద వేలితో రాసింది. ఏమిటని అడగలేదు. ఇక ఆగలేకపోయాను. కృష్ణలో జరిగింది మొత్తం చెప్పాను. ఆ తర్వాత శీను సంగతి కూడా చెప్పాను. తాడు చుట్టింది నేనేనని, వాడు నొప్పి అన్నా వినలేదని.

అమ్మ చిక్కుడుకాయల గిన్నె పక్కకి జరిపింది.

"నాకు తెలుసమ్మా," అంది. "వాడి చేతి చుట్లు విప్పింది నేనే గదా. నిక్కరు బొందు ముడేసుకోవడమే రాని పిల్లాడు, కొస అంత గట్టిగా ఎట్టా దోపుకుంటాడు?"

తెలిసి ఇన్నేళ్ళూ ఎందుకు ఊరుకున్నావని అడిగాను. నువ్వూ పిల్లవే కదా, గట్టిగా అడిగితే నువ్వూ ఆ ఏట్లోకే పోతావని భయమేసింది అని చెప్పింది. ఆవిడ ముఖంలో కోపం లేదు. ఉంటే బాగుండేదని నాకు అనిపించింది. నేను ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. వాడు పగతో చుట్టాడో, నాతో ఈ మాట చెప్పించడానికి చుట్టాడో నాకు తెలియదు. నీళ్ళలో నన్ను పట్టుకున్నది వాడేనని కూడా నేను గట్టిగా అనలేను.

కాసేపటికి అమ్మ నా భుజం తట్టింది.

"చెయ్యి తగిలిందన్నావు గదా. ఎంతుంది?" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. ఆవిడ తన అరచెయ్యి చాపి నా ముందు పెట్టింది. చూపించమని. నేను ఆవిడ అరచేతి మీద వేలితో కొలత చూపించాను, ఇక్కడి నుంచి ఇక్కడిదాకా అని. ఆ కొలత ఆవిడ వేళ్ళ సగందాకా కూడా రాలేదు.

అమ్మ ఆ చేతిని మెల్లగా మూసుకుంది.

"ఇంకా అంతేనా," అంది.

ఆ తాడు నా చేతికి ఎలా చేరిందో ఇప్పటికీ నాకు అంతుబట్టలేదు. రఫీకీ అంతుబట్టలేదు. అమ్మ మాత్రం అది ఎలా జరిగిందని ఒక్కసారి కూడా అడగలేదు.