ఆఖరి వంతులో దొరికిన లిఫ్టర్

మా కంపెనీలో ఏటా వాలీబాల్ పోటీ పెడతారు. ఆటగాళ్లను పంచుకునే తీరు చూస్తే సాఫ్ట్‌వేర్ వాళ్ల తెలివి ఏపాటిదో తెలిసిపోతుంది. ఆరుగురు కెప్టెన్లం అద్దాల మీటింగ్ రూములో కూర్చుంటాం. తెర మీద ఉద్యోగుల జాబితా ఉంటుంది. ఒక్కో పేరు పక్కన హోదా, చదివిన కాలేజీ. చీటీలు తీసి, ఆ వరుసలో ఒక్కొక్కరం ఒక్కో పేరు కోరుకోవాలి. బంతి ఆడటం వచ్చా రాదా అనే గడి మాత్రం ఆ జాబితాలో లేదు. అది లోటని ఎవరికీ తోచనూ లేదు.

మొదటి వంతులో ప్రతి కెప్టెనూ తన బాసునే కోరుకుంటాడు. ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు గానీ, తప్పినవాణ్ని నేనింతవరకు చూడలేదు. రేటింగులు వేసే చెయ్యి బంతిని కూడా బాగా కొడుతుందని మావాళ్ల నమ్మకం కాబోలు. ఒకాయన బాసుకి నడుంనొప్పి, పట్టీ లేకుండా కుర్చీలోంచి లేవలేడు. "ఆయనుంటే టీముకి బలమండీ" అన్నాడా కెప్టెన్, ముఖంలో ఏ మార్పూ లేకుండా. కాకా పట్టడంలో కూడా ఇంత నిష్ఠ ఉంటుందా అని లోపల నవ్వుకున్నాను. తర్వాత నా వంతొచ్చింది. మా సారు పేరు చెప్పాను.

బాసుల తర్వాత పెద్ద కాలేజీల వాళ్లు పోయారు. ఆఖరి వంతు నాదాకా వచ్చేసరికి ముగ్గురు మిగిలారు. అందులో ఒకతను టెస్టింగ్‌లో కాంట్రాక్టు ఉద్యోగి, ముప్ఫై దాటినవాడు. కాలేజీ గడిలో మెదక్ వైపు ఏదో ఊరి పేరుంది. "అది కాలేజీనా, ఫంక్షన్ హాలా?" అన్నాడు నా పక్కనున్న కెప్టెన్. అందరూ పగలబడి నవ్వారు. నేను అతన్నే తీసుకున్నాను. అతని మీద నమ్మకం ఉండి కాదు, ఆ నవ్వుకి ఒళ్లు మండి.

గోపన్‌పల్లిలో కిరాయికి తీసుకున్న కోర్టులో ప్రాక్టీసు. అతను బోరబండలో రైలెక్కి, ఆపైన షేర్ ఆటో పట్టుకుని, అందరికన్నా ముందే వచ్చి కూర్చున్నాడు. లిఫ్టర్‌గా ఆడతానన్నాడు. కొట్టేవాళ్లకి బంతి లేపి ఇచ్చే పని అది. చప్పట్లన్నీ స్మాష్ కొట్టినవాడికే, బంతి ఎవరికివ్వాలో తేల్చేది మాత్రం లిఫ్టరే. మొదటి బంతి అతని వేళ్లకి తగిలిన చప్పుడు కూడా వినపడలేదు. కొట్టేవాడి చెయ్యి ఎంత ఎత్తుకి లేస్తుందో సరిగ్గా అక్కడికే వెళ్లింది. ఎడమకి చూస్తూ కుడికి ఇచ్చేవాడు. అవతలివాళ్లు ఎటు దూకాలో తెలియక వెర్రిముఖాలు వేసుకుని నిలబడేవాళ్లు.

"ఎక్కడ నేర్చుకున్నావయ్యా?" అని అడిగాను.

"మా కాలేజీల గ్రౌండొక్కటే మంచిగుండె అన్నా. లెక్చరర్లు వస్తుండకపోయిరి. మేం ఆడుకుంటుంటిమి."

బంతి చంకలో పెట్టుకుని మళ్లీ అన్నాడు. "నెలాఖరుకు నా కాంట్రాక్టు అయిపోతది. పాపను మొన్ననే ఈడ బడిల ఏసిన. పొడిగించేది మన సారే గద. మంచిగ ఆడితే జర చూస్తడా?"

"ఎందుకు చూడడు? నేను చెప్తాగా" అన్నాను. ఆ క్షణంలో నేనేదో పెద్ద మనిషినైనట్టు అనిపించింది.

వరసగా గెలిచాం. క్యాంటీన్‌లో నా బిల్డప్ చూడాలి. "ఆ కళ్లు చూడగానే పసిగట్టానండీ" అని కనపడ్డవాడికల్లా చెప్పాను. జాబితాలో కళ్లు ఎక్కడున్నాయని ఒక్కడూ అడగలేదు.

చిక్కంతా మా సారుతోనే. ఆయనకి స్మాష్ కొట్టాలని సరదా. మోకాళ్లు సహకరించవు. ఇచ్చిన బంతల్లా నెట్‌లోకే. సెమీఫైనల్లో మా లిఫ్టర్ మెల్లగా ఆయనకి ఇవ్వడం మానేశాడు. గెలిచాం కూడా. సారు మాత్రం నీళ్లు తాగుతూ, "మనవాడు అటే ఎక్కువ ఇస్తున్నాడేంటి?" అన్నారు నాతో.

ఫైనల్ ముందు లిఫ్టర్‌ని పక్కకి తీసుకెళ్లాను.

"సారుకి ఇవ్వు."

"ఆయన లేస్తలేడన్నా. పాయింట్ పోతది."

"నీ కాంట్రాక్టు ఆయన చేతిలో ఉంది. గుర్తుపెట్టుకో."

అతను బంతి తీసుకుని కోర్టులోకి నడిచాడు.

ఆఖరి సెట్టు, ఆఖరి పాయింటు. అది పోతే ఆట పోయినట్టే. బంతి అతని దగ్గరకొచ్చింది. ఎడమవైపు మా కుర్రాడు అప్పటికే గాల్లో ఉన్నాడు, ఎదురుగా అడ్డుకునేవాడు లేడు. లిఫ్టర్ ఒక్కసారి నావైపు చూశాడు. నేను గడ్డంతో సారువైపు సైగ చేశాను. అతను సారుకే లేపాడు. ఆ పోటీ మొత్తంలో అంత చక్కని బంతి ఎవరికీ రాలేదు. సారు బెత్తెడు ఎగిరి దాన్ని నెట్‌లోకి కొట్టారు.

"బంతి కిందికొచ్చిందయ్యా" అన్నారు సారు, మోకాలు రుద్దుకుంటూ.

"అవునండీ, కాస్త కిందికే వచ్చింది" అన్నాను. లిఫ్టర్ రెండడుగుల దూరంలో ముఖం తుడుచుకుంటున్నాడు.

నెలాఖరుకి పొడిగించినవాళ్ల జాబితా వచ్చింది. అతని పేరు లేదు. అతని గురించి చెప్తానన్నవాణ్ని, ఆ నెలంతా సారు క్యాబిన్‌లోకి పదిసార్లు వెళ్లొచ్చాను, నోరు మాత్రం తెరవలేదు.

లాప్‌టాప్ అప్పజెప్పడానికి వచ్చినప్పుడు అతను నా సీటు దగ్గర ఆగాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఉద్యోగం సంగతి ఇడిసిపెట్టన్నా. నేను బంతి మంచిగనే లేపిన గద? అదొక్కటి చెప్పు."

నా వెనక సారు క్యాబిన్ తలుపు తెరిచి ఉంది.

"తర్వాత మాట్లాడదాంలే" అన్నాను.