నీడలో మెరిసే రాయి

మా తాత జేబెజ్ నాన్‌కివెల్ రాళ్ళు నాకేవాడు. గనికి పెట్టుబడి తెచ్చే పెద్దమనిషి అయ్యాక కూడా, బ్రిస్బేన్ శాసనసభలో కూర్చున్నాక కూడా ఆ బుద్ధి పోలేదు. రాయి తడిస్తేనే లోపలి వన్నె కనబడుతుంది కాబట్టి సీమ నుంచి వచ్చిన కార్నిష్ గనివాళ్ళందరూ రాతి మీద ఉమ్మి రుద్ది చూస్తారు. తాత మాత్రం తిన్నగా నాలుక చాపేవాడు. ఒకసారి పెద్ద విందులో ఉప్పుగిన్నె పక్కన రాయి పెట్టుకుని నాకుతుంటే తాను బల్ల కింద దూరాలనుకున్నానని నాయనమ్మ చెప్పేది.

పందొమ్మిదేళ్ళప్పుడు ట్రెంబాత్ అనే స్నేహితుడితో సీమ నుంచి ఒకే ఓడలో వచ్చాడు. మా ఊరు రోజ్‌వార్న్ క్రీక్‌లో ఇద్దరూ కలిసి తవ్వితే బంగారు పొర తగిలింది. తాత కంపెనీ పెట్టాడు, ట్రెంబాత్ గని లోపలి పని చూసే కెప్టెన్ అయ్యాడు. గనికి నాయనమ్మ పేరు పెట్టారు.

"హెప్జిబా అని పెట్టడానికి నీకు గొయ్యే దొరికిందా?" అని ఆవిడ దెప్పేది.

"మామూలు గొయ్యా? నూట యాభై నిలువులే!" అనేవాడు తాత.

శాసనసభలో ఆరేళ్ళున్నాడు. నోరు తెరిచింది రెండుసార్లు. ఒకసారి కిటికీ మూయమన్నాడు. రెండోసారి గని దుమ్ము మింగి దగ్గే మనుషులకు ఆసుపత్రి కట్టమన్నాడు. కిటికీ మూశారు. ఆసుపత్రి మాత్రం తాతే కట్టాడు. పన్నెండు మంచాలు, చుట్టూ వెడల్పాటి వరండా. ప్రతి నెలా మొదటి శనివారం తీసిన బంగారమంతా దానికే. ఆ మంచాల మీద పడుకున్నవాళ్ళంతా ఆయన గనిలో దిగినవాళ్ళే. తాత రోజూ వెళ్ళి ఒక్కొక్కరి దగ్గరా కూర్చునేవాడు, టోపీ తిప్పుతూ.

ఆయన కళ్ళకు పొరలు కమ్మాయి. పత్రికలు చదివి వినిపించడానికి పన్నెండేళ్ళకే నన్ను బడి మాన్పించారు. పొడుగాటి మాట వస్తే నేను దాటేసేదాన్ని. అందువల్ల ఆ ఏడాది దేశంలో జరిగినదాంట్లో సగం తాతకు తెలియలేదు.

నాకు పద్నాలుగు వచ్చిన ఏడాది, ఇక్కడ వేసవిలో వచ్చే క్రిస్మస్ ముందు, ఒక మధ్యాహ్నం ట్రెంబాత్ మా వరండాలోకి వచ్చాడు. బూట్ల నిండా బురద. చేతిలో రాయి.

"ఒరేయ్ జేబెజ్, పొర తెగిపోయిందిరా. అడుగున ఇదే మిగిలింది. నీళ్ళు ఊరుతూనే ఉన్నాయి. నీళ్ళు తోడే పంపులు ఆపేద్దాం."

"ఆపితే గని మునిగిపోదూ?"

"మునగనీ. మిగిలిన సొమ్ముతో ఆసుపత్రిని ఇంకో నాలుగేళ్ళు నడపొచ్చు. పంపుల బొగ్గుకు తగలేస్తే గనీ పోతుంది, ఆసుపత్రీ పోతుంది."

తాత రాయి అందుకుని నాకాడు. చాలాసేపు నోరు చప్పరిస్తూ కూర్చున్నాడు.

"ఏమే కెరెన్, ఇది పట్టుకుని నీడలోకి వెళ్ళు. ఏమవుతుందో చెప్పు."

ఈ పరీక్ష మా ఊళ్ళో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. బంగారమైతే ఎండలోనూ నీడలోనూ ఒకేలా ఉంటుంది. దొంగరాయి ఎండలో మిలమిలలాడి, నీడలోకి రాగానే చచ్చిపోతుంది. నేను గోడవారకు వెళ్ళి అరచెయ్యి అడ్డం పెట్టి చూశాను. చచ్చిపోయింది.

వెనక్కి తిరిగాను. తాత ఆ గుడ్డికళ్ళతో నా వైపే, నేనున్న చోటికి కాస్త పక్కగా చూస్తున్నాడు. మీసం మీద రాతిపొడి. విందులో నాకినప్పుడూ ఇలాగే ఉండి ఉంటాడనిపించి నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే అనేశాను.

"మెరుస్తోంది తాతా. ఎండలో ఉన్నట్టే ఉంది."

"అమ్మాయ్, మళ్ళీ చూడు," అన్నాడు ట్రెంబాత్.

"చూశానుగా. మెరుస్తోంది."

ట్రెంబాత్ రాయి లాక్కోవచ్చు. లాక్కోలేదు. పంపులు ఆగితే ఆయన కింద నలభైమంది ఇళ్ళకు పోవాలి. బూట్ల వైపు చూసుకుని, టోపీ పెట్టుకుని మెట్లు దిగాడు.

పంపులు ఇంకో పదకొండు నెలలు ఆడాయి. ముందు తాత వాటాలు, తర్వాత బ్రిస్బేన్ ఇల్లు, ఆ తర్వాత ఆసుపత్రికి దాచిన సొమ్ము బొగ్గయిపోయాయి. నవంబరులో ఒక రోజు అన్నం వేళకు పంపుల దడదడ చప్పుడు ఆగింది. పుట్టినప్పటి నుంచీ వింటున్న చప్పుడు. ఊళ్ళో కుక్కలన్నీ మొరిగాయి. ఆ వారమే ఆసుపత్రి మంచాలు బండికెక్కాయి. పడుకున్నవాళ్ళను వాళ్ళ వాళ్ళు భుజాల మీద మోసుకుపోయారు. వానల్లోపే అయిదుగురు పోయారు.

తాతకూ అదే దగ్గు పట్టుకుంది. కుర్రతనంలో మింగిన దుమ్ము. పన్నెండు మంచాలు చేయించినవాడికి మా వంటింటి బల్లే మంచమయింది.

"గొయ్యి మునిగింది కదా, ఇంక నా పేరు నాకిచ్చెయ్," అంటూ నాయనమ్మ ఆయన నోరు తుడిచేది. ఆయన నవ్వబోయి దగ్గేవాడు.

ఒక ఉదయం ఆవిడ నీళ్ళకు వెళ్ళినప్పుడు ఆయన పక్కన కూర్చున్నాను.

"తాతా, ఆ రోజు రాయి మెరవలేదు. అబద్ధం చెప్పాను."

"తెలుసే."

"ఎలా?"

"బంగారానికి రుచుండదు పిల్లా. అది తుప్పులా పుల్లగా ఉంది. నోట్లో పెట్టగానే తెలిసింది."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా! అరిచి చెప్పొచ్చుగా!"

"నువ్వు మెరుస్తోందన్నావుగా," అన్నాడు. "ఎవరో ఒకరు అంటే బావుణ్ణని కూర్చున్నాను. నువ్వన్నావు."

ఇంకేదో చెప్పబోయాడు కానీ దగ్గు తెర వచ్చింది, అరగంట దాకా ఆగలేదు. నాలుగో రోజున పోయాడు.

ఆ రాయి మా కిటికీలోనే ఉంది. పొద్దున ఎండ పడినంతసేపూ మెరుస్తుంది. ఆసుపత్రి వరండాలో మేకలు పడుకుంటాయి. నేను ఒకసారి రాయిని నాకి చూశాను. పుల్లగానే ఉంది.