తూకం అక్క తోడిపోసిన గాలి

పడవలో బరువు కింద ఉండాలి, పైన తేలికగా ఉండాలి. తూకం అక్కకు ఆమె తండ్రి నేర్పిన చదువు ఇంతే. ఇరవై రెండేళ్లు ఆమెను నీటి మీద నిలిపింది ఆ చదువే. ఒక మధ్యాహ్నం ప్రాణం మీదికి తెచ్చిందీ అదే.

రేవులో లంగరు వేసుకున్న పడవల మధ్య తిరుగుతూ ఆమె కాఫీ, రొట్టె, గుడ్లు అమ్ముతుంది. ఆమె పడవ పొడవు ఇరవై ఆరు అడుగులు. వెనక పొయ్యి, ముందు మనిషి వంగి దూరేంత గది, ఆ రెంటి కిందా పరిచిన చెక్కలు, చెక్కల కింద చీకటి. ఎవరు పడవ ఎక్కినా ఏం కావాలని ఆమె అడగదు. "నువ్వు అటు జరిగి కూర్చో అన్నా. నీ పొట్టను ఇటువైపు నా పడవ మోయలేదు," అంటుంది. ఆ పేరు అలా వచ్చింది.

గ్యాస్ సిలిండరు మొదట్లో పడవ పైనే, గాలి ఆడే పెట్టెలో ఉండేది. ఒక వానాకాలం అలలకు పడవ ఒరిగి, మరుగుతున్న కాఫీ ఆమె ముంజేతి మీద పడింది. ఆ వారమే సిలిండరును చెక్కల కిందికి దింపించింది. పడవ కుదుటపడింది. ముప్పై ఏళ్లు పడవ ఇంజన్లు నడిపిన ఆమె భర్త కూడా మెచ్చుకున్నాడు. ఏటా తనిఖీకి వచ్చే అధికారి మంటలార్పే ఎర్ర డబ్బా ఉందా అని చూశాడు, కాఫీ తాగాడు, సంతకం చేశాడు. చెక్క ఎత్తి చూడలేదు. సిలిండరుకు అంటించిన కాగితం మీద 'మూసి ఉన్న చోట ఉంచరాదు' అని ఉంది. ఎందుకు ఉంచరాదో లేదు. కారణం చెప్పని నియమాన్ని పాటించలేదని ఎవరినీ తప్పుపట్టలేం. ప్రొపేన్ అనండి, వంటగ్యాసు అనండి, అది గాలికన్నా బరువైనది; కారితే నీళ్లలాగే కిందికి జారి, పడవ అడుగున మడుగు కడుతుంది; అక్కడి నుంచి బయటికి పోవడానికి దానికి దారి ఉండదు. బరువుల లెక్క తెలిసిన ఆ మనిషికి ఈ ఒక్క బరువు గురించి చెప్పడానికి ఒక్క నిమిషం చాలేది.

ఆ మధ్యాహ్నం పడవ ఒడ్డుకు దూరంగా లంగరు మీద ఉంది. భర్త ముందు గదిలో పడుకుని ఉన్నాడు. మెట్ల మీద జారి కాలు విరిగితే తొడ నుంచి మడమ దాకా పిండికట్టు వేశారు. తూకం అక్క కాఫీ పెట్టబోతూ ఒక చేత్తో అగ్గిపెట్టె పట్టుకుంది. రెండో చేతిలోని చెంచా జారి చెక్కల సందు దాకా దొర్లింది. మోకాళ్ల మీద వంగింది.

వాసన గుప్పుమంది.

లేచి నిలబడింది. ఉప్పుగాలి, నూనె వాసన తప్ప ఏమీ లేదు. మళ్లీ వంగింది. మళ్లీ అదే వాసన. మోకాళ్ల కింద ఒక లోకం, పైన ఒక లోకం. చేతిలో అగ్గిపెట్టె.

లోపలి నుంచి భర్త గొంతు వినిపించింది. "ఏమే, కాఫీ పెడుతున్నావా, కాఫీ తోట వేస్తున్నావా?"

"బావా, సిగరెట్టు నోట్లో ఉందా?"

"ఉంది. నిప్పే లేదు. లైటరు ఎక్కడ తగలడిందో వెతుకుతున్నా."

"వెతక్కు. చేతులు రెండూ కడుపు మీద పెట్టుకుని పడుకో. కింద గ్యాసు నిండింది."



ఆమె అగ్గిపెట్టెను నీళ్లలోకి విసిరింది. ఊపిరి బిగబట్టి చెక్క ఎత్తి, చెయ్యి దూర్చి సిలిండరు మర తిప్పి కట్టేసింది. రబ్బరు గొట్టం చెక్క అంచుకు ఒరుసుకుని చిట్లి ఉంది. అప్పుడు కనిపించింది, ఎడమ పక్కన, పడవ అడుగున చేరిన నీళ్లలో ఊగుతున్న చిన్న ప్లాస్టిక్ బుంగ.

ఇంజను ఇరుసు దగ్గర ఆ పడవలోకి నీరు చుక్క చుక్కగా కారుతూనే ఉంటుంది. నీరు పెరిగితే బుంగ తేలుతుంది. బుంగ లేస్తే తోడే పంపు దానంతటదే నడుస్తుంది. ఆ పాత పంపు మొదలయ్యేటప్పుడు లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుంది. ఆ రవ్వకూ గదిలోని మనిషికీ మధ్య ఉన్నది రెండు వేళ్ల మందం చెక్క.

"బావా, పంపు... బ్యాటరీ వైరు పీకెయ్యనా?"

"ముట్టుకోకు. పీకేటప్పుడే రవ్వ లేస్తుంది. పంపు ఇందాక ఎప్పుడు నడిచింది?"

"పొద్దున, గిన్నెలు తోమేటప్పుడు."

"అయితే మళ్లీ నడవడానికి ఎంతోసేపు పట్టదు. నీళ్లు తోడు. ప్లాస్టిక్ బకెట్టుతో. ఇనుముకు ఇనుము తగలనివ్వకు." ఆయన గొంతు మామూలుగానే ఉంది; పిండికట్టు మాత్రం గది గోడకు టకటకా కొట్టుకుంటోంది.

ఆమె బోర్లా పడుకుని తోడసాగింది. బకెట్టు అడుగున కాస్త నీరు, మిగతాది కంటికి కనబడనిది. రెండింటినీ అంచు దాటించి గుమ్మరించింది. నీళ్లు తగ్గినా గ్యాసు తగ్గిందో లేదో తెలియదు. ముంచడం, ఎత్తడం, గుమ్మరించడం. బుంగ వైపు చూడటం.

పక్క పడవలో వల బాగుచేసుకుంటున్న తాత నవ్వాడు. "ఏమ్మా, ఖాళీ బకెట్లు గుమ్మరిస్తున్నావు. సముద్రం ఇంకా నిండలేదా?"

"గ్యాసు తోడుతున్నా తాతా. లోపల మా ఆయనున్నాడు, లేవలేడు."

తాత వల వదిలేసి మోటారు తాడు పట్టుకున్నాడు.

"మోటారు వద్దు. తెడ్డు వేసుకుని రా."

తాత తెడ్డేసుకుంటూ, అలవాటు కొద్దీ, నిచ్చెన ఉన్న ఎడమ వైపుకు వచ్చాడు. భర్త ఎడమ పక్క నుంచి దిగితే పడవ ఎడమకు ఒరుగుతుంది, నీరంతా ఎడమకు చేరుతుంది, బుంగ లేస్తుంది.

"అటు కాదు. కుడి వైపు రా."

"కుడివైపు నిచ్చెన లేదు కదమ్మా."

"లేకపోతే ఎత్తుకో."

భర్త వెల్లకిలా పాక్కుంటూ గదిలోంచి బయటికొచ్చాడు. ఆమె ఆయన చంకల కింద చేతులు వేసి జానెడు జానెడు కుడికి లాగింది. పడవ కుడికి ఒరిగింది. నీరు కుడికి జారింది. తాత ఆయన నడుము అందుకున్నాడు. పిండికట్టు అంచు దాటబోతుండగా ఆమెకు తట్టింది: ఈ బరువు దిగిన మరుక్షణం పడవ ఎడమకు ఊగుతుంది. మంచినీళ్ల డబ్బాను కాలితో కుడి అంచుకు నెట్టి, తానూ ఆ అంచు మీద వాలిపోయింది. పడవ వణికి నిలిచింది.

"నువ్వూ దిగవే," అన్నాడు భర్త.

"నేను దిగితే బుంగ లేస్తుంది. తాతా, తీసుకుపో."

"నువ్వు దిగకుండా నేను పోను."

"మొండికేస్తే రెండో కాలు నేను విరగ్గొడతా. పో బావా."

ఆయన తిట్టుకుంటూ వెళ్లాడు. తిట్లు వినిపిస్తున్నంతసేపూ ఆయన బతికున్నాడన్నది ఆమెకు రూఢి.

తాత పడవ దూరమయ్యాక ఆమె నీళ్లలోకి దూకి ఈదుకుపోవలసింది. ఎవరికైనా నేను చెప్పేది అదే. ఏ పడవా మనిషి పాటి చెయ్యదు. కానీ ఇది పేలితే చుట్టూ పదకొండు పడవలున్నాయి. తాత కేకలు వేసుకుంటూ ఒక్కొక్కదాన్నీ తెడ్ల మీద దూరం పంపుతున్నాడు. ఆమె కుడి అంచుకు నడుము ఆనించి, చెయ్యి సాచి తోడుతూనే ఉంది. అప్పుడప్పుడూ చెక్కల దాకా తల దించి వాసన చూసేది. ఉందో, ముక్కే మోసం చేస్తోందో తేల్చుకోలేకపోయేది.

ఎంతసేపు గడిచిందో ఆమెకు తెలియదు. భుజం సడలి, నడుము అంచు నుంచి కొంచెం జరిగింది. పడవ ఎడమకు ఊగింది.

పంపు గుర్రుమంది.

ఆమె కళ్లు మూసుకుంది. పంపు ఆగలేదు. పడవ పక్కనున్న గొట్టంలోంచి నీళ్లు కక్కి, దగ్గి, దానంతటదే ఆగిపోయింది. గ్యాసు పోయింది.

ఇప్పుడు సిలిండరు పడవ పైన, అడుగున పెద్ద చిల్లు పెట్టిన పెట్టెలో ఉంటుంది. ఆ చిల్లు గొట్టంతో పడవ బయటికే తెరుచుకుంటుంది. ఆ బరువుకు ఎదురుగా రెండు నీళ్ల డబ్బాలు పెట్టినా, అలలకు పడవ ఒరుగుతూనే ఉంది, కాఫీ ఒలుకుతూనే ఉంది. పొయ్యి వెలిగించే ముందు ఆమె మోకాళ్ల మీద వంగి చెక్కల సందులో వాసన చూస్తుంది.

"అయిందా నీ సాష్టాంగం?" అంటాడు భర్త. ఆయన సిగరెట్టు ఇప్పుడు ఒడ్డునే.

కానీ పంపు గుర్రుమన్న ప్రతిసారీ ఇద్దరి మాటా మధ్యలోనే ఆగిపోతుంది. ఆమె చెయ్యి వెతుక్కుంటూ వెళ్లి ఆయన చొక్కా పట్టుకుంటుంది. గొట్టంలోంచి చివరి నీళ్లు పడ్డాకే వదులుతుంది.