ఐదున్నర శ్రుతిలో మా అత్త

మా అత్త ఎవరినీ క్షమించలేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే సగం పని అయిపోతుంది. వయసు మీద పడితే మనసు మెత్తబడుతుందని కొందరు అంటుంటారు. వాళ్ళు మా అత్తను చూడలేదు. ఆమెకు అరవై రెండేళ్ళు. మోకాళ్ళు మెత్తబడ్డాయి, చిగుళ్ళు మెత్తబడ్డాయి. అక్కడితో సరి.

ఆమె మా నాన్నకు అక్క. పదహారో ఏట పాటల నాటకాల కంపెనీలో చేరింది. మొదటి వేషం గుర్రం. అది కూడా గుర్రంలో వెనక సగం. ముందు సగంలో ఉన్నవాడికి ఎప్పుడూ కడుపు బాగుండేది కాదట. "నేను స్టేజీ మీద నేర్చుకున్న మొదటి విద్య ఊపిరి బిగబట్టడంరా" అంటుంది. పాటకు పనికొచ్చింది మరి.

తరవాత ఆమె కట్టని వేషం లేదు. రాణి, రాణి దాసి, దొంగ, దొంగను పట్టుకునే పోలీసు, వకీలు, మూగపిల్ల. ఒక నాటకంలో తల్లీ ఆమే, కూతురూ ఆమే. పైగా ఇద్దరికీ పోట్లాట సీను. శాలువా భుజం మీద ఉంటే తల్లి, నడుముకు చుడితే కూతురు. మీసం అంటించే జిగురు వల్ల ఆమె పై పెదవి మీద చర్మం ఇప్పటికీ ఎర్రగా పొరలు లేస్తుంది. కంపెనీలో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరు అలిగినా, ఎవరు రైలు తప్పిపోయినా ఆ వేషం ఆమెదే. అందరి మాటలూ పాటలూ ఆమెకు నోటికొచ్చు. అందుకని ఆమెను స్టెప్నీ అని పిలిచేవారు. పంక్చరైతే తప్ప ఎవరికీ గుర్తురాని చక్రం.

ఎవరు ఏ వేషం కడతారో సాయంత్రానికి గానీ తేలని చోట ఒక చిక్కు ఉంటుంది. మనిషి మారితే గొంతు మారుతుంది, గొంతు మారితే పాట శ్రుతి మారాలి. ఒకటో శ్రుతి అంటే కింద. అంకె పెరిగిన కొద్దీ గొంతు పైకి పాకాలి. అందుకని ఆటకు ముందు ఒక చీటీ రాసి హార్మోనియం మీద అంటిస్తారు: ఏ పాట ఏ శ్రుతిలో అని. అందరి గొంతులూ తెలిసిన మనిషి కాబట్టి ఆ చీటీ రాసే పని అత్తదే. నలభై ఏళ్ళుగా ఆమె రాసిందే అక్కడ శాసనం.

ఆ హార్మోనియం వాయించినవాడే మా మావయ్య. ఆయన నాకు ఫొటోలోనే తెలుసు. ఓడ నాటకం కోసం ఆయన ఒక పాట కట్టాడు. సముద్రం మీదికి పోయిన కెప్టెన్ కోసం రేవులో దీపం పెట్టుకుని భార్య ఎదురుచూస్తూ పాడే పాట. మొదటి రెండు చరణాలూ నేల మీద నడిచినట్టు పోతాయి. మూడో దాంట్లో "ఆరలేదు, నా రేవు దీపం ఆరలేదు" అనే చోట ఒక్కసారిగా పైకి లేస్తుంది. అత్త గొంతును కొలిచి కుట్టిన చొక్కా లాంటి పాట. ఐదున్నర శ్రుతి. ఇంకెవరికీ పట్టదు.

దాన్ని తన గొంతుకు పట్టించుకున్నవాడు ఒకడు వచ్చాడు. కంపెనీ యజమాని, ఓడ నాటకంలో హీరో. ఆయనకు అసలు పేరు ఉండే ఉంటుంది కానీ కూరల బజారులో కూడా కెప్టెన్ గారనే పిలుస్తారు.

మావయ్య ఊపిరితిత్తులు చెడి ఆసుపత్రిలో పడ్డాడు. అత్త ఐదు వారాలు మంచం పక్కనే ఉంది. ఆయన్ను మట్టిలో పెట్టి ఆరో వారం కంపెనీకి వెళ్ళింది. గ్రీన్ రూములో అద్దం ముందు కూర్చుని జడ వేసుకుంటుంటే కెప్టెన్ వచ్చి వెనక నిలబడ్డాడట.

"ఆ పాట ఇప్పుడు నేను పాడుతున్నానమ్మా. ఓడ మీద నుంచి దీపాన్ని చూస్తూ పాడితే ఇంకా రక్తి కట్టింది."

"అది ఆయన నాకోసం కట్టిన పాటండీ."

"నేను కాదన్నానా? కానీ ఏం చేస్తాం చెప్పు. జనం అలవాటు పడిపోయారు."

ఐదు వారాల్లో. జనం. అలవాటు పడిపోయారు.

ఆ సాయంత్రం అత్త రేవులో దీపం పక్కన నోరు మూసుకుని కూర్చుంది. మొగుడి పాటను ఇంకొకడు పాడుతుంటే కళ్ళనీళ్ళు పెట్టుకోవడమే ఆమె వేషం. "చాలా సహజంగా ఏడ్చావు" అని మెచ్చుకున్నాడట కెప్టెన్. మా నాన్న వెళ్ళి వాణ్ని తన్నొస్తానని చెప్పులేసుకున్నాడు. అత్త ఆపింది. "తంతే ఒక్కరోజు నొప్పిరా తమ్ముడూ. ఆగు."

ఆగింది. పాతికేళ్ళు.

అప్పట్లో కెప్టెన్‌కు నిజంగానే గొంతు ఉండేది. అది ఒప్పుకోవాలి. ఆడగొంతు కోసం కట్టిన పాటను అదే శ్రుతిలో పాడతానని పంతం పట్టాడు, పాడాడు. గోడల నిండా పోస్టర్లు: "అదే పాట! అదే శ్రుతి!" కానీ గొంతు కూడా కండే కదా. ఆరేడేళ్ళు తిరిగేసరికి ఒకరోజు మేకప్ వేయించుకుంటూ అత్త వైపు చూసి చిటికెన వేలు కిందికి చూపించాడు. అర శ్రుతి దించమని. నోటితో చెప్పడానికి నామోషీ. అత్త చీటీలో ఐదు అని రాసింది. ఇంకో మూడేళ్ళకు మళ్ళీ చిటికెన వేలు. నాలుగున్నర. ఆ తరవాత నాలుగు. అలా ఒక్కో మెట్టూ దిగి దిగి ఒకటిన్నర దగ్గర చతికిలపడ్డాడు. పోస్టర్ మీద మాత్రం అదే శ్రుతి. చూసేవాళ్ళకు ఏం తెలుస్తుంది? తెలిసింది ఇద్దరికే: చీటీ రాసే అత్తకు, అది చూసి వాయించే హార్మోనిస్టుకు. అతను మావయ్య శిష్యుడు.

ఇటు ఓడ నాటకంలో అత్త కూడా మెట్లు దిగుతూ వచ్చింది. భార్య వేషం పడుచుపిల్లకు పోయింది. అత్త కెప్టెన్ తల్లి అయింది. తరవాత దీపం కాపలా కాసే గుడ్డి ముసలమ్మ అయింది. మొత్తం నాటకంలో మూడు మాటలు, ఒక దగ్గు.

మా ఇంట్లో మేడ మీది గది ఆమెది. ఒక మంచం, ఒక రేకు పెట్టె, దుప్పటి కప్పిన మావయ్య హార్మోనియం. రోజూ ఉదయం పాలు పొంగించుకుని తాగి, కిటికీ మూసేసి, దుప్పటి కాస్త పక్కకు జరిపి ఒక్క మెట్టు నొక్కేది. ఐదున్నర. ఆ ఒక్క లైను పాడేది, "ఆరలేదు" అని. ఒక్కసారే. మళ్ళీ దుప్పటి కప్పేసి కిందికొచ్చి మా అమ్మతో చిక్కుడుకాయలు ఒలిచేది. నేను కాలేజీ మానేసి ఇంట్లో పడి ఉన్న రోజుల్లో అడిగాను, ఎందుకత్తా ఒక్క లైనే అని.

"కత్తిని రోజూ నూరాలిరా. రోజూ పొడవక్కర్లేదు."

ఓడ నాటకానికి పాతికేళ్ళ పండగ వచ్చింది. పాట తన చేతికొచ్చిన రోజు నుంచే లెక్కపెట్టాడు కెప్టెన్, అంతకుముందు నాటకమే లేనట్టు. కొత్త పోస్టర్: "పాతికేళ్ళుగా అదే పాట! అదే శ్రుతి!" అత్త బస్టాపులో దాని ముందు చాలాసేపు నిలబడింది. ఆ సాయంత్రం చీటీ రాసింది.

హార్మోనిస్టు చదివి ఆమె దగ్గరికొచ్చాడు. "అక్కా, ఐదున్నర అని ఉంది. చెయ్యి జారిందా?"

"పోస్టర్ చూడలేదా తమ్ముడూ? అదే శ్రుతి అని ఇంత లావు అక్షరాలు. యజమాని గారిని అబద్ధాలకోరును చేస్తావా?"

అతను ఆమె ముఖం చూశాడు. చీటీ తీసుకెళ్ళి అంటించాడు.

హాలు నిండిపోయింది. నేనూ నాన్నా నాలుగో వరసలో ఉన్నాం. ఓడ మీద కెప్టెన్, కింద రేవులో దీపం, దీపం పక్కన గుడ్డి ముసలమ్మ. హార్మోనియం మొదటి స్వరం పలకగానే కెప్టెన్ కళ్ళు అటు తిరిగాయి. హార్మోనిస్టు తల ఎత్తలేదు. ఎనిమిది వందల మంది ముందు ఆట ఆపి అడగలేడు కదా. మొదటి రెండు చరణాలూ ఎలాగో ఈదాడు. చెమటకు మేకప్ కరిగి చెవి పక్క నుంచి చారలు కట్టింది. మూడో చరణం. "ఆర..." అన్నాడు. గొంతు చీలిపోయింది. చెక్క తలుపు ఈడ్చినట్టు ఒక చప్పుడు, ఆ తరవాత ఏమీ లేదు. నోరు తెరుచుకునే ఉంది.

హార్మోనియం ఆగలేదు. గుడ్డి ముసలమ్మ కర్ర ఊతంతో లేచింది. చీలిన చోటునే పట్టుకుని పైకి తీసుకెళ్ళింది. "ఆరలేదు, నా రేవు దీపం ఆరలేదు."

మూడు మాటలూ ఒక దగ్గూ తప్ప ఆ నోట్లోంచి ఏమీ వినని జనం. పాట అయిపోయాక హాల్లో కుర్చీ కూడా కిర్రుమనలేదు. నాన్న నా చెయ్యి ఎంత గట్టిగా పిసికాడంటే గోళ్ళు దిగాయి.

ఇక్కడితో అయిపోయుంటే బాగుండేది. కానీ కెప్టెన్ నలభై ఏళ్ళు స్టేజీ మీద నిలబడ్డవాడు. నోరు మూసుకున్నాడు, ఓడ దిగాడు, మెల్లగా నడిచొచ్చి తన టోపీ తీసి ముసలమ్మ తలమీద పెట్టాడు. అంతే, చప్పట్లకు హాలు కప్పు ఎగిరిపోయింది. ఇదంతా అనుకుని చేసిందే అనుకున్నారు జనం. మర్నాడు పేపర్లో టోపీ ఫొటో, కింద "పాటను అప్పగించిన పెద్ద మనసు".

అత్త పేపరు మడిచి పక్కన పెట్టింది. ముఖం మాడిపోయింది. నాన్న ఊరుకోకుండా, "చూశావా అక్కా, నీ పగ కూడా తీసి మెళ్ళో దండేసుకున్నాడు వాడు" అన్నాడు.

"దండే కదా. ముడి నా చేతిలో ఉంది" అంది అత్త.

నాకు అప్పుడు అర్థం కాలేదు.

మరుసటి ఆటకు కెప్టెన్ తనే దగ్గరుండి ఒకటిన్నర రాయించాడు. సుఖంగా మొత్తం తనే పాడాడు. పాట అవుతుండగానే వెనక బెంచీల నుంచి కేకలు: "ముసలమ్మేదీ? టోపీ ఏదీ?" పేపర్లో చదివి దాని కోసమే వచ్చిన జనం. ఇంటర్వెల్లో టికెట్ల కిటికీ దగ్గర ఒకావిడ డబ్బు వెనక్కిమ్మని గుమాస్తా చొక్కా పట్టుకుంది. మూడో ఆటకు చీటీ మళ్ళీ అత్త చేతికొచ్చింది. ఐదున్నర.

ఆ రోజు కెప్టెన్ తెలివిగా ఆలోచించాడు. మూడో చరణం దాకా రాకుండా, రెండో చరణం చివర్లోనే హుందాగా ఆగి ముసలమ్మ వైపు చెయ్యి చాపాడు, ఇక నువ్వు పాడు అన్నట్టు. ముసలమ్మ తల ఎత్తలేదు. గుడ్డిది కదా, చెయ్యి కనపడదు. హార్మోనియం అదే స్వరాన్ని లాగుతోంది. కెప్టెన్ చెయ్యి అలా గాలిలో వేలాడుతోంది. జనం దగ్గడం మొదలుపెట్టారు. ఇక గత్యంతరం లేక నోరు తెరిచి "ఆర..." అన్నాడు. గొంతు చీలింది. అప్పుడు లేచింది అత్త.

రెండేళ్ళుగా ప్రతి ఆటకూ ఇదే. కెప్టెన్ జనం ముందు గొంతు చీల్చుకోవాలి. ఆ తరవాత తన చేత్తో తన టోపీ తీసి ఆమె తలమీద పెట్టి నవ్వాలి. ఒక్క మెట్టు తక్కువ చీలినా ఆమె లేవదు.

మొన్న మధ్యాహ్నం కెప్టెన్ మా ఇంటికొచ్చాడు. మెడకు మఫ్లరు. మేడ మెట్లెక్కి రొప్పుతూ అత్త గదిలో మంచం అంచున కూర్చున్నాడు. అమ్మ నాతో మంచినీళ్ళు పంపించింది.

"డాక్టరు గొంతుకు విశ్రాంతి ఇవ్వమన్నాడమ్మా" అన్నాడు. మాట కూడా గరగరమంటోంది.

"ఇవ్వండి. వేషం ఇంకెవరికైనా ఇవ్వండి."

"కెప్టెన్ వేషం ఇంకొకడికా? నేను బతికుండగానా?"

"అయితే పాడండి."

హార్మోనియం మీది దుప్పటి వైపు తిరిగాడు. "పాట నీదే. ఒప్పుకుంటున్నాను. మొత్తం నువ్వే పాడు, మొదటి నుంచీ. నేను ఓడ మీద ఊరికే నిలబడతాను. సరేనా?"

నేను అత్త ముఖం చూశాను. పాతికేళ్ళ క్రితం ఈ ఒక్క మాట అని ఉంటే ఆమె ఏడ్చేసేది. ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకుని కాగితం తీసుకుంది. ఆ సాయంత్రం ఆట చీటీ రాయడం మొదలుపెట్టింది.

"నాకూ అదే బాగుండేది. కానీ ఏం చేస్తాం చెప్పండి కెప్టెన్ గారూ. జనం అలవాటు పడిపోయారు."

ఆయనకు ఆ మాట గుర్తుందో లేదో అని నాకు అనుమానంగా ఉండేది. గుర్తుంది. గ్లాసు తాగకుండానే కింద పెట్టి మఫ్లరు ఇంకాస్త బిగించుకున్నాడు.

"ఎన్నాళ్ళిలా?" అన్నాడు.

"మీరు పాతికేళ్ళు పాడారు. నావి రెండేళ్ళే అయ్యాయి. నాకిప్పుడు అరవై రెండు. ఎనభై అయిదు దాకా ఉంటానో లేదో, ప్రయత్నిస్తాను."

ఆయన లేచాడు. గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగుతుంటే అత్త గుమ్మం దాకా వచ్చింది. రాసిన చీటీ ఆరడానికి ఊదుతూ నిలబడింది.

"మెట్లు చూసుకుని దిగండి" అంది. "ఆరింటికల్లా స్టేజీ మీద ఉండాలిగా."